అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, ఆంతిగ్వాలో ఫుడ్ వాక్‌కి తీసుకెళ్ళొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మేము డాలస్‌లో ఉంటాం. థాంక్స్‌గివింగ్ సెలవులకి గ్వాటెమాలా వెళ్తున్నాం. బుధవారం రాత్రికి ఆంతిగ్వా చేరతాం, ఆదివారం తిరుగు ప్రయాణం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు. ఆమెకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. గైడుతో ఊళ్ళో నడుస్తూ అక్కడి తిండి రుచి చూసే ఫుడ్ టూర్ ఒకటి శనివారానికి చూసి పెట్టాను. మనిషికి 70 డాలర్లు. మావారేమో "నాలుగు టోర్టియా రొట్టెలకి 280 డాలర్లా? యూట్యూబ్ చూసుకుని మనమే తిరుగుదాం" అంటున్నారు. అత్తయ్యగారు "నా కోసం మీరు మానుకోవద్దు, నేను గదిలో పెరుగన్నం తింటాలే" అంటున్నారు. ఆ మాటకి ఇంకా బాధగా ఉంది. ఏం చేయమంటారు? (ఎస్.ఎల్., డాలస్)

సమాధానం:

పెరుగన్నం దగ్గరే మొదలుపెడతాను. "గదిలో పెరుగన్నం తింటాలే" అనే పెద్దవాళ్ళని చాలామందిని చూశాను, మా అమ్మతో సహా. ఆ మాటలో సగం మొహమాటం, సగం భయం. పరాయి ఊళ్ళో ఏ గిన్నెలో ఏముందో తెలీదన్న భయం. ఆంతిగ్వా విషయంలో ఆ భయం చాలావరకు నిజం కూడా. దానికి మందు ఒకటే, గిన్నెలో ఏముందో అడిగి చెప్పే మనిషిని పక్కన పెట్టుకోవడం. మీరు కట్టే 280 డాలర్లూ ఆ మనిషికే అనుకోండి. టోర్టియాలు కొసరు.

కాబట్టి బుక్ చేయండి, అత్తయ్యగారితో సహా. కాకపోతే శనివారం వద్దు, గురువారం పొద్దున పెట్టుకోండి. పదిమంది గుంపుతో కాకుండా మీ నలుగురికే గైడుని ఇస్తారేమో అడగండి. వెళ్ళేముందు వాళ్ళకి ఒక ఉత్తరం రాయండి. ఆ ఉత్తరమే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో నా కథ చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం నేను ఆంతిగ్వా వెళ్ళినప్పుడు మీవారి లెక్కే నాదీ. వీడియోలు చూశాను, మ్యాపులో చుక్కలు పెట్టుకున్నాను, స్పానిష్ నాలుగు ముక్కలు బట్టీ పట్టాను. మొదటిరోజు మధ్యాహ్నం ఒక కొమెదోర్‌కి వెళ్ళాను. కొమెదోర్ అంటే మన మెస్ లాంటిది, ఆ పూట ఏం వండితే అదే. "సిన్ కార్నే" అన్నాను, మాంసం లేకుండా అని. ఆవిడ నవ్వుతూ తలూపి లోపలికెళ్ళి పెద్ద గిన్నెడు సూప్ తెచ్చింది. బెంగళూరు వంకాయ ముక్కలు, క్యారెట్, అడ్డంగా నరికిన మొక్కజొన్న పొత్తు, వాటి మధ్యలో తీరిగ్గా మడిచి పెట్టినట్టు ఒక కోడికాలు. వేలు పెట్టి చూపించాను. "అది కార్నే కాదు కదా, పోయో" అంది, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించేంత ఓపిగ్గా. అక్కడ మామూలు మాటల్లో కార్నే అంటే పశువు మాంసం. కోడి లెక్క వేరు, చేప లెక్క ఇంకా వేరు.

సరే, బుద్ధొచ్చింది. ఇక మూడు రోజులూ బీన్స్ మీదే బతికాను. నల్ల రాజ్మా లాంటి చిన్న గింజలు, ఉడికించి, రుబ్బి, మూకుడులో వేయిస్తారు. నల్లగా నిగనిగలాడుతూ కమ్మగా ఉంటాయి. పొద్దున అవే, రాత్రీ అవే. చివరిరోజు, ఎలాగూ డబ్బు మిగిలింది కదా అని ఫుడ్ వాక్‌కి వెళ్ళాను. మొదటి మజిలీలోనే గైడు పొయ్యి దగ్గరున్నామెని ఒక్క ప్రశ్న అడిగింది, "బీన్స్ దేంతో వేయించావు?" అని. "మాంతేకా" అంది ఆవిడ, మూకుడులోంచి కళ్ళెత్తకుండానే. పంది కొవ్వు! గైడు నావైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పేలోపే నాకు కడుపులో అర్థమైపోయింది.

ఆ ప్రశ్న మొదటిరోజే ఎవరైనా అడిగి పెట్టి ఉంటే మూడు రోజులు హాయిగా తినేదాన్ని. మాంతేకా వాడని కొట్టు రెండు వీధుల అవతలే ఉందని కూడా ఆ గైడే చూపించింది. అందుకే గురువారం అంటున్నాను. ఫుడ్ వాక్‌ని ఊరు వదిలే ముందు చేసుకునే విందులా చూస్తారు చాలామంది. అది మొదటిరోజు పాఠంలా పెట్టుకుంటే మిగతా మూడు రోజులకీ పనికొస్తుంది. ఎక్కడ తినాలి, ఏ మాట అడగాలి, ఏది చూసి తప్పుకోవాలి, అన్నీ మధ్యాహ్నానికల్లా తేలిపోతాయి. ఇంకో లాభం, ఆంతిగ్వా మార్కెట్‌కి పెద్ద రోజులు సోమ, గురు, శనివారాలు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఆ రోజుల్లోనే సరుకు తెస్తారు. గురువారం మీకు అలా కలిసొచ్చింది.

ఇక ఉత్తరం. "మాలో ఒకరు వెజిటేరియన్" అని రాసి ఊరుకోకండి. ఆ మాటకి ఒక్కొక్కరి తలలో ఒక్కో అర్థం ఉంటుంది. తినని వస్తువులు పేరుపేరునా రాయండి. స్పానిష్‌లో అయితే ఇలా: "సోయ్ వెహెతారియానా. నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో, ని వేవో, ని కాల్దో దె పోయో, ని మాంతేకా దె సెర్దో." నేను శాకాహారిని, మాంసం, కోడి, చేప, గుడ్డు, కోడి ఉడికించిన నీళ్ళు, పంది కొవ్వు, ఇవేవీ తినను అని. ఆఖరి రెండూ మన తెలుగువాళ్ళం ఎప్పుడూ మర్చిపోతాం, ఎందుకంటే మన వంటింట్లో ఆ సమస్యే లేదు. అక్కడ అన్నం కూడా కోడి నీళ్ళలో వండే చోట్లున్నాయి. మాంతేకా అంటే ఒక్కోసారి డాల్డా లాంటి వనస్పతి కూడా కావచ్చు, కాబట్టి అది మొక్కలదా (వెహెతాల్), పందిదా (దె సెర్దో) అని గైడు చేత అడిగించండి. గ్వాటెమాలాలో పందిని కోచే అని కూడా అంటారు. స్పెయిన్‌లో అదే మాటకి కారు అని అర్థం. మాంతేకా దె కోచే అని ఎవరైనా అంటే గ్రీజు అనుకుని నవ్వి ఊరుకోకండి.

ఈ వాక్యాల్ని ఒక కాగితం మీద స్పానిష్‌లోనే ప్రింటు తీసి అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి. ఫోనులోనూ ఉంచుకోండి కానీ కాగితానికున్న విలువ వేరు. పొయ్యి దగ్గరున్నావిడ చేతికిస్తే చదివి, లోపల ఇంకొకరికి చూపించి వస్తుంది.

ఇవన్నీ మానేస్తే ఆమె తినడానికి ఏం మిగులుతుందని మీకు సందేహం రావచ్చు. బోలెడు మిగులుతుంది. మొదట చెప్పాల్సింది టోర్టియా గురించే, మీవారు దాన్ని తీసిపారేశారు కాబట్టి. డాలస్‌లో ప్లాస్టిక్ సంచుల్లో దొరికేది మనసులోంచి తీసేయండి. ఆంతిగ్వాలో మధ్యాహ్నం పన్నెండుకి ఏ సందులో నిలబడినా టపటపమని చప్పుడు వినిపిస్తుంది. ఆడవాళ్ళు నిమ్మకాయంత మొక్కజొన్న ముద్ద తీసుకుని, రెండు అరచేతుల మధ్య తట్టుతూ తిప్పుతూ గాల్లోనే రొట్టె చేసేస్తారు. కర్ర లేదు, పీట లేదు. మట్టి పెనం మీద వేస్తారు, దాన్ని కొమాల్ అంటారు. పిండి అంటుకోకుండా పెనానికి సున్నం నీళ్ళు పూస్తారు, అందుకే తెల్లగా ఉంటుంది. జొన్నరొట్టె చేయడం వచ్చినవాళ్ళు ఎవరైనా అక్కడ ఐదు నిమిషాలు ఆగిపోతారు. మీ అత్తయ్యగారిని ఆగనివ్వండి. గైడుకి ముందే చెబితే ఆవిడ చేతికి ఒక ముద్ద ఇప్పిస్తారు కూడా.

ఆ పిండిలోనూ సున్నం ఉంది. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే బాగా కడిగి రుబ్బుతారు. పొట్టు ఊడొస్తుంది, పిండికి జిగురొస్తుంది, అంతకు మించి గింజలో బిగుసుకుపోయి ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి అందే రూపంలోకి వస్తుంది. మాయా ప్రజలూ వాళ్ళ చుట్టుపక్కల వాళ్ళూ వేల ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. యూరప్ వాళ్ళు గింజ తీసుకెళ్ళారు, సున్నం సంగతి వదిలేశారు. మొక్కజొన్నే తిని బతికిన ఇటలీ, స్పెయిన్ పేదలకి ఆ నయాసిన్ అందక పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. మనకీ దీనితో కొంచెం చుట్టరికం ఉంది. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో వచ్చిన పెల్లాగ్రా మీద హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960ల్లో చాలా పరిశోధన చేశారు. తాంబూలానికి సున్నం రాసుకునే ఇంటి పెద్దామెకి ఈ కథ చెప్తే ఆసక్తిగా వింటుంది. టోర్టియాలో మొక్కజొన్న, సున్నం, నీళ్ళు తప్ప ఇంకేం ఉండదు. కళ్ళు మూసుకుని తినొచ్చు. తమాల్ అని అదే పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది మాత్రం మాంతేకా కలిపి మెదుపుతారు, పైగా లోపల మాంసం పెడతారు. దాన్ని చూసి పొట్టిక్కలు గుర్తొస్తాయి, మోసపోకండి.

"రెయెనితో" అనే తీపి వంటకం తప్పక తినిపించండి. పండిన కూరరటిని ఉడికించి మెదిపి, మధ్యలో చక్కెర, దాల్చినచెక్క కలిపిన నల్ల బీన్స్ ముద్ద పెట్టి, కోడిగుడ్డు ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు. పప్పుని తీపి చేసి లోపల పెట్టి వేయించడమంటే మనకి చెప్పాలా? పూర్ణం బూరెలకి దూరపు చెల్లెలు. బీన్స్‌తో తీపి ఏమిటని తెల్లవాళ్ళు మొహం చిట్లిస్తారు, మనవాళ్ళు రెండోది అడుగుతారు. మామూలుగా అందులో గుడ్డు ఉండదు. దేంతో వేయించారన్న ప్రశ్న మాత్రం ఇక్కడా అడగాల్సిందే, "అసేయితే" అంటే నూనె, ఆ జవాబొస్తే ఇబ్బంది లేదు. మోలే దె ప్లాతనో అని ఇంకోటుంది. వేయించిన అరటి ముక్కల్ని చాక్లెట్, ఎండుమిర్చి, నువ్వులు, గుమ్మడి గింజలు నూరిన పులుసులో వేస్తారు. మాంసం వేయరు. పులుసు చిక్కబడడానికి కొందరు బ్రెడ్డో బిస్కట్టో నూరి కలుపుతారు, వాటిలో గుడ్డుండొచ్చు. మళ్ళీ గైడు.

పెపియాన్ ఆ దేశం గర్వంగా చెప్పుకునే కూర. 2007లో పెపియాన్, హోకోన్, కాకిక్ అనే వంటల్నీ, పైన చెప్పిన అరటి మోలేనీ దేశ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించారు. టమాటాలు, ఎండుమిర్చి కొమాల్ మీద నల్లగా మాడేదాకా కాల్చి, గుమ్మడి గింజలు, నువ్వులు దోరగా వేయించి, అన్నీ కలిపి నూరిన గుజ్జు. వాసన వస్తే మీకు నువ్వుల పొడి, బగారా బైంగన్, కాల్చిన టమాటా పచ్చడి ఒకేసారి గుర్తొస్తాయి. కానీ సంప్రదాయంగా అది కోడితోనో గొడ్డుమాంసంతోనో చేసేది. కూరగాయలతో చేసే హోటళ్ళు ఉన్నాయి. గుజ్జు కోడి నీళ్ళతో పలచబరిచారా లేదా అన్నదే మొత్తం తేడా. మీరూ మీవారూ మాంసం తింటారని మీ ప్రశ్న చూస్తే అనిపించింది, మీరు మామూలుది తినండి. అత్తయ్యగారి గిన్నె వేరుగా రావాలని టూర్‌వాళ్ళకి పంపే ఉత్తరంలోనే రాయండి. అక్కడికెళ్ళాక అప్పటికప్పుడు అడిగితే ఉన్న గిన్నెలోంచే ముక్కలు ఏరేసి ఇస్తారు. వాళ్ళ దృష్టిలో అది మర్యాదే.

నా మటుకు ఆ నడకలో అన్నిటికంటే బాగున్నది మార్కెట్ లోపలి గంట. తిన్నది తక్కువ, చూసింది ఎక్కువ. మనం మన ఊరివే అనుకునే కూరగాయలూ పండ్లూ అక్కడ పుట్టింట్లో కనిపిస్తాయి. బెంగళూరు వంకాయ వాళ్ళ గ్విస్కిల్, దాని సొంత ఊరు ఆ ప్రాంతమే. నున్నటివి, ముళ్ళవి, లేత ఆకుపచ్చవి, నల్లటి ఆకుపచ్చవి, మనం ఎప్పుడూ చూడని రకాలు గుట్టలు పోసి ఉంటాయి. సపోటా పండూ అటువైపుదే, ఆ పేరు కూడా మెక్సికో ప్రాంతపు నహువాత్ల్ భాషలోని సపోత్ల్ అన్న మాట నుంచి స్పానిష్ మీదుగా మన దాకా వచ్చింది. మిరపకాయ సంగతి చెప్పక్కర్లేదు. పోర్చుగీసు ఓడలు అమెరికాల నుంచి తేకముందు మన పూర్వీకులు మిరియాలతోనే సరిపెట్టుకున్నారంటే మా నాన్న ఇప్పటికీ నమ్మరు.

ఎండలో దాహమైతే రోసా దె హమైకా అడగండి. ముదురు ఎరుపు, పులుపు, చక్కెర వేసి చల్లగా ఇస్తారు. ఒక గుక్క తాగాక అత్తయ్యగారిని "ఇదేమిటో చెప్పండి" అని అడగండి. ఎర్ర గోంగూర జాతి మొక్కే అది. ఆకు మనం తింటాం. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే దళసరి ఎర్ర రేకుల్ని వాళ్ళు ఎండబెట్టి కాచుకుంటారు. ఆకు తింటారా అని మా గైడు నన్ను రెండుసార్లు అడిగింది. పచ్చడి సంగతి చెప్పడానికి నా స్పానిష్ చాలలేదు.

ఏలకులు మాత్రం విచిత్రం. ప్రపంచంలో ఏలకులు ఎక్కువగా ఎగుమతి చేసే దేశం గ్వాటెమాలా. 20వ శతాబ్దం మొదట్లో ఒక జర్మన్ తోటల యజమాని తెచ్చి ఆల్తా వెరాపాస్ కొండల్లో నాటించాడు, అక్కణ్ణుంచి అరబ్బు దేశాల కాఫీ గిన్నెల్లోకి వెళ్తున్నాయి. ఆ దేశంవాళ్ళు మాత్రం వాటిని దాదాపు వంటలో వాడరు. పాయసంలో వేస్తామంటే వింతగా చూస్తారు. కొనుక్కుని తెచ్చుకోవాలనిపిస్తే బాగా ఎండినవి తీసుకోండి, అమెరికా కస్టమ్స్‌లో తినే వస్తువులున్నాయని రాయడం మర్చిపోకండి.

మీ బాబు సంగతి. తొమ్మిదేళ్ళవాడు మూడు గంటలు కొత్త తిండి తింటూ నడుస్తాడని ఆశ పెట్టుకోకండి. చాక్లెట్ మజిలీ ఉన్న టూర్ చూడండి. కోకో గింజలు వేయించి, పొట్టు తీసి, రాతి మీద నూరిస్తారు. ఆ రాయి అచ్చు మన సన్నికల్లే, కాకపోతే కాళ్ళుంటాయి. వేడినీళ్ళలో కలిపి తాగుతారు, పాలు పోయరు. వీధిలో నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఇచ్చే మొక్కజొన్న పొత్తు కూడా వాడికి నచ్చుతుంది, మనకి కొత్తేం కాదు. "ఎలోతె లోకో" అంటే మాత్రం మయోనైజ్ పూస్తారు, అందులో గుడ్డు. అత్తయ్యగారికి ఉత్త పొత్తు. పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం, గుమ్మడి గింజల పొడి చల్లి అమ్ముతారు, చూస్తే నోట్లో నీళ్ళు ఊరతాయి. మామిడికి నవంబరు కాలం కాదు, ఒకవేళ కనిపించినా ముందే కోసి పెట్టినవి వద్దు.

ఎందుకంటే నీళ్ళు. గ్వాటెమాలాలో కుళాయి నీళ్ళు తాగకూడదు, పళ్ళు తోముకోవడానికి కూడా సీసా నీళ్ళే వాడండి. శుద్ధిచేసిన నీళ్ళని "ఆగ్వా పూరా" అంటారు. కోసిన పండ్లు, పచ్చి క్యాబేజీ, తెలియని చోట ఐసు, వీటితోనే ఎక్కువమందికి కడుపు పాడవుతుంది. పెనం మీంచి నేరుగా చేతికొచ్చేది, పొగలు కక్కుతూ గ్లాసులో పోసేది దాదాపు ఎప్పుడూ మంచిదే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. అత్తయ్యగారు వేసుకునే మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో కాదు.

మోకాళ్ళ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆంతిగ్వా 1773 భూకంపం దాకా రాజధాని, ఆ పాత ఊరిని 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ళు. నేల చదునే, ఊరు చిన్నదే, సెంట్రల్ పార్క్ నుంచి మార్కెట్‌కి నాలుగైదు వీధులంతే. కానీ ఆ రాళ్ళ మీద కిలోమీటరు నడిస్తే మామూలు రోడ్డు మీద మూడు నడిచినట్టు. చెప్పులొద్దు, పట్టున్న బూట్లే. కాలిబాటలు సన్నగా ఉంటాయి, కిటికీల ఇనుప ఊచలు భుజానికి తగిలేంత ముందుకొస్తాయి. ఇందుకే మీ నలుగురికే గైడు అన్నాను. పదిమంది గుంపులో ఆమె వెనకబడితే అందరూ ఆగి చూస్తారు, అది ఆమెకి నరకం. ఆ తర్వాత నిజంగానే గదిలోంచి కదలరు. విడిగా అయితే పార్కులో, మత్స్యకన్యల ఫౌంటెన్ ఎదురుగా బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. మబ్బు లేకపోతే ఆగ్వా అగ్నిపర్వతం దక్షిణాన నిటారుగా కనిపిస్తుంది. ఫుయెగో అనే ఇంకోటి అప్పుడప్పుడూ పొగ వదులుతుంటుంది, బాబుకి అది తిండికంటే గుర్తుండిపోతుంది. మార్కెట్ అయ్యాక ఆమెకి ఓపిక లేకపోతే టుక్‌టుక్ ఎక్కించి హోటల్‌కి పంపొచ్చు. చూడగానే "మన ఆటోనే" అంటారు. నిజమే, ఎక్కువ బజాజ్‌వే.

టూర్ ఎంచుకునేటప్పుడు ఫోటోలు చూడకండి, జవాబులు చూడండి. పైన చెప్పిన ఉత్తరాన్ని రెండు మూడు చోట్లకి పంపండి. "నో ప్రాబ్లెమ్, వెజ్ ఆప్షన్స్ ఉన్నాయి" అని ఒక్క ముక్కలో జవాబిచ్చినవాళ్ళని వదిలేయండి. "మూడో మజిలీలో బీన్స్ మాంతేకాతో చేస్తారు, దాని బదులు ఇంకోచోటికి తీసుకెళ్తాం, పెపియాన్ కూరగాయలతో విడిగా చేయమని ముందురోజే చెప్తాం" అని రాసినవాళ్ళు దొరికితే పది డాలర్లు ఎక్కువైనా వాళ్ళనే పట్టుకోండి. గైడు ఆ ఊరి మనిషేనా, మార్కెట్ లోపలికి తీసుకెళ్తారా లేక టూరిస్టుల కేఫ్‌లే తిప్పుతారా అని కూడా అడగండి. మీవారి ప్రశ్నకి నా జవాబు ఇదే. ఏ కొట్టు బాగుంటుందో యూట్యూబ్ చెప్పగలదు, ఇవాళ పొద్దున ఆ మూకుడులో ఏం పడిందో చెప్పలేదు.

చిన్న విషయాలు గబగబా. చిల్లర కెత్సాల్ నోట్లు దగ్గరుంచుకోండి, డాలర్‌కి ఏడున్నర పైచిలుకు వస్తాయి, మార్కెట్లో కార్డు నడవదు. బ్యాగు ముందువైపు వేసుకోండి. రంగురంగుల నేత బట్టల్లో ఉన్న మాయా స్త్రీలని అడక్కుండా ఫోటో తీయొద్దు. అడిగితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు వద్దంటారు, అంతే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చాలామంది కక్చికెల్ భాష మాట్లాడతారు, "మత్యోష్" అంటే ధన్యవాదాలు. ఆ ఒక్క మాటకి మీకు మూడు టోర్టియాల బదులు నాలుగు రావచ్చు. తింటున్నవాళ్ళ పక్కనుంచి వెళ్ళేటప్పుడు తెలియనివాళ్ళు కూడా "బ్వెన్ ప్రొవేచో" అంటారు. మీరూ అనండి, బాబుకి నేర్పండి.

శుక్రవారం సాయంత్రం మీరే లా మెర్సెద్ చర్చి ముందుకి వెళ్ళండి, గైడు అక్కర్లేదు. చీకటి పడేవేళకి బండ్లు పెడతారు. అతోల్ దె ఎలోతె అని లేత మొక్కజొన్న పాలు, చక్కెర, దాల్చినచెక్క వేసి కాచిన జావ దొరుకుతుంది. గురువారం నేర్చుకున్న ప్రశ్నలు అక్కడ మీరే అడిగి చూడండి. శనివారం రాత్రి కొన్ని ఇళ్ళ ముందు ఎర్ర బల్బు వెలుగుతుంటే కంగారు పడకండి, లోపల తమాల్‌లు అమ్ముతున్నారని గుర్తు. మీకూ మీవారికీ పనికొస్తుంది.

మీరు అడగలేదు గానీ ఒక మాట. మీవారు హెచ్-1బీ మీద ఉన్నారో గ్రీన్‌కార్డో మీరు రాయలేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినా కెనడా, మెక్సికోలకి కొద్దిరోజులు వెళ్ళి తిరిగొచ్చే వెసులుబాటు ఒకటుంది, చాలామంది దాన్ని గ్వాటెమాలాకి కూడా అనుకుంటారు. అది వర్తించదు. స్టాంపు చెల్లకపోతే తిరుగు విమానం ఎక్కనివ్వరు. అత్తయ్యగారి విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీనా, గడువుందా అన్నది ఇవాళే చూడండి. భారత పాస్‌పోర్టుతో గ్వాటెమాలాలోకి వెళ్ళడానికి ఏం కావాలో వాళ్ళ కాన్సులేట్‌కి ఈమెయిల్ రాసి, జవాబు ప్రింటు తీసుకోండి. ఇది తేలాకే టూర్‌కి డబ్బు కట్టండి.

ఇక పెరుగన్నం. అది కూడా ఉండనివ్వండి, ఎందుకు మానాలి? గురువారం పొద్దంతా నడిచి, రెయెనితోలు తిని, గోంగూర షర్బత్ తాగి వచ్చాక రాత్రికి ఎవరికైనా అదే కావాలనిపిస్తుంది. వంటగది ఉన్న గది తీసుకుంటే బియ్యం ఊళ్ళోనే దొరుకుతుంది. పెరుగు సూపర్ మార్కెట్లో "యోగుర్ నాతురాల్, సిన్ అసూకర్" అని అడగండి, లేకపోతే స్ట్రాబెర్రీ తీపిది చేతిలో పెడతారు. డబ్బా వెనక పదార్థాల్లో హెలతీనా అనో గ్రెనెతీనా అనో కనిపిస్తే అది జెలటిన్, పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.